లెక్కకెక్కని పనిగంటలు

సూరత్ నగరంలోని అఠ్వా లైన్స్ ప్రాంతంనుండి నైరుతి దిశగా బయలుదేరిన రహదారి పీప్‌లోద్, మగ్దల్లాల మీదుగా సాగి అరేబియా సముద్రతీరాన డుమస్ గ్రామంవద్ద ముగుస్తుంది. దూరం దాదాపు ఇరవై కిలోమీటర్లు. ఇక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. సెలవుదినాల సాయంకాలాలలో నగరవాసులు కుటుంబాలతో వచ్చి, ఈ తీరానికే ప్రత్యేకమైన టమాటా బజ్జీలు తిని, పిల్లలను కాసేపు ఆడించి మరలిపోతూ ఉంటారు. ఆ జనంలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా పలుకుల నడుమ తెలుగు మాటలు కూడా వినిపించడం వింత కాదు. మగ్గాలపని వెతుక్కుంటూ తెలంగాణనుండి వచ్చి స్థిరపడిన చేనేత కుటుంబాలు సూరత్‌లో వేల సంఖ్యలో ఉన్నవి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉండడం వీరి సంఖ్యాబలానికి నిదర్శనం.

అటువంటి ఒక కుటుంబంలో సంపాదించేవారు ఎవరు అని అడిగితే, తండ్రి అన్న సమాధానం తడుముకోకుండా వస్తుంది. తల్లి ఏమి చేస్తుంది అంటే, ఇంట్లోనే ఉంటుంది అంటారు. అయితే ఆ ఇంట్లోనే, పొయ్యికీ పసిబిడ్డ ఊయలకూ మధ్య ఉన్న కాస్త జాగాలో చీరల మూట ఒకటి ఉంటుంది. చీరలకు రాళ్ళు అంటించడం, అంచుకు లేసు కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం, ఖాట్లీ అనే నులకమంచంవంటి చట్రంపై గుడ్డ బిగించి జరీపని చేయడం, ఇవన్నీ ఈ నగరపు వస్త్రవ్యాపారంలో విడదీయరాని అంగాలు. రింగ్ రోడ్డు మార్కెట్లలో అమ్ముడుపోయే చీర ఆ స్థితికి చేరడానికి ముందు ఎన్నో ఇళ్ళ గడపలు దాటి వచ్చి ఉంటుంది. స్త్రీపురుషుల వేతనవ్యత్యాసాన్ని గురించి చర్చించేటప్పుడు సాధారణంగా కార్యాలయాలను, కర్మాగారాలను దృష్టిలో ఉంచుకోవడం పరిపాటి. కాని ఆ వ్యత్యాసం ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఈ గడపలే ఎక్కువగా ఉపకరిస్తాయి.

మీటరు, డజను

భర్తకు లభించే కూలికీ, భార్యకు లభించే కూలికీ ఒక పోలిక ఉన్నది. రెండూ పీస్ రేటు పద్ధతిలోనే లభిస్తాయి. మరమగ్గంపై పనిచేసే నేతకార్మికునికి నేసిన మీటర్లను బట్టి కూలి ముడుతుంది. ఇంటివద్ద పనిచేసే స్త్రీకి పూర్తిచేసిన చీరలను బట్టి ముడుతుంది. ఒకరికి నెలజీతము, మరొకరికి ముక్కకూలి అనే తేడా ఇక్కడ లేదు. మరి వారిద్దరి సంపాదనల మధ్య అంత అంతరం ఎందుకు ఏర్పడుతున్నది?

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. సూరత్‌లో సాంచాలున్న షెడ్డును ఖాతా అంటారు. ఖాతాలోనికి అడుగుపెట్టిన నేతకార్మికుడు సాధారణంగా పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. ఆ పన్నెండు గంటలలో అతనికి మగ్గం తప్ప మరొక బాధ్యత ఉండదు. నూలు, విద్యుత్తు, వెలుతురు, పైకప్పు యజమానివి. ఇంటివద్ద పనిచేసే స్త్రీ విషయంలో ఇవన్నీ ఆమెవే. దీపం ఖర్చు ఆమెది, జాగా ఆమెది, కొన్ని చోట్ల సూది, దారం సైతం ఆమెవే. మూట తెచ్చుకోవడానికి, తిరిగి అప్పగించడానికి, కూలికోసం ఎదురుచూడడానికి పట్టే కాలానికి రేటు కట్టేవారు లేరు. ఒక రాయి వంకరగా అతికితే ఆ చీర తిరిగివస్తుంది. రెండవసారి చేసిన పనికి కూలి లేదు. పైగా పని మధ్యలో బిడ్డ ఏడిస్తే లేవాలి, నీళ్ళు వస్తే పట్టాలి, బడినుండి వచ్చిన పిల్లవానికి అన్నం పెట్టాలి. ఉదయంనుండి రాత్రివరకు సాగిన పని చివరకు కాగితంపై నాలుగైదు చీరలుగా తేలుతుంది. ఎన్ని గంటలు పట్టినదో ఎవరూ వ్రాసుకోరు, ఆమె కూడా వ్రాసుకోదు.

ఈ విషయంలో జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే కొంత వెలుగు ప్రసరింపజేస్తున్నది. ఆరేళ్ళు పైబడినవారిలో, ప్రతిఫలం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు అందుకు వెచ్చిస్తుండగా, పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు మాత్రమే. సుమారు ఐదు గంటల ఇంటిపని ముగించిన తరువాత, లేదా దాని సందులలో, స్త్రీ సంపాదనకు పూనుకోవలసి ఉంటుంది. ఆమె సామర్థ్యం తక్కువ అనడానికి ఇందులో ఆధారమేమీ కనిపించదు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు క్లాడియా గోల్డిన్‌కు 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఉన్నత విద్యావంతులైన దంపతుల జీవితాలను పరిశీలించి ఆమె తేల్చిన ఒక విషయం ఇక్కడ ఎంతో ప్రస్తుతం. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో స్త్రీపురుషుల జీతాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. మొదటి బిడ్డ పుట్టిన తరువాతనే ఎడం పెరుగుతుంది. దీర్ఘమైన పనివేళలకు, ఎప్పుడు పిలిచినా రాగలవారికి ఎక్కువ ప్రతిఫలం ముట్టజెప్పే ఉద్యోగాలను దంపతులిద్దరూ ఒకేసారి చేయలేరు. బిడ్డ పిలుపుకు ఎవరో ఒకరు అందుబాటులో ఉండాలి. ఆ ఒకరు చాలావరకు తల్లి. న్యాయవాదులను, బ్యాంకు అధికారులను గురించి చెప్పిన ఈ మాట సూరత్ ఖాతాలకు కూడా చక్కగా అన్వయిస్తుంది. భర్త పన్నెండు గంటలపాటు మగ్గంవద్ద నిలబడగలుగుతున్నాడంటే, ఆ పన్నెండు గంటలు బిడ్డనూ ఇంటినీ మరొకరు కనిపెట్టుకుని ఉన్నందువల్లనే. మీటర్ల లెక్కలో ఆమె పాలు కూడా ఉన్నది. కూలి మాత్రం ఒక్కరి పేరనే చేరుతున్నది.

తీరికవేళల పని అన్న భ్రమ

ఈ పరిస్థితి సూరత్‌కే పరిమితం కాదు, తెలుగుదేశానికి కొత్తదీ కాదు. గోదావరి డెల్టాలోని నరసాపురం పరిసరాలలో క్రైస్తవ మిషనరీల ద్వారా పందొమ్మిదవ శతాబ్దంలో ప్రవేశించిన లేసు అల్లిక కాలక్రమేణా విదేశీ ఎగుమతిగా విస్తరించింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ ఆ స్త్రీల జీవితాలను అధ్యయనం చేసి 1982లో ఒక గ్రంథం వెలువరించారు. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న స్త్రీలు తమ ఊరిలో గృహిణులుగా మాత్రమే పరిగణింపబడడం, వారి శ్రమ తీరికవేళల కాలక్షేపంగా చెలామణి కావడం, తత్ఫలితంగా కూలి అడుగంటి ఉండడం ఆమె పరిశోధనలో ప్రధానాంశాలు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు లేసుకు దక్కినది. అల్లే చేతికి కూలి పెరగడం వేరే సంగతి.

సిరిసిల్ల కథ మరికొంత భిన్నమైనది, ఇక్కడ నిదానించి పరిశీలించదగినది. ఆ పట్టణంలో చాలా ఇళ్ళలో మగవారు సాంచాలు నడిపితే ఆడవారు బీడీలు చుడతారు. బీడీలు చుట్టడం కూడా ఇంట్లో కూర్చొని చేసే పనే, వేయి బీడీలకు ఇంత అని లెక్కగట్టే పనే. అయినప్పటికీ 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం యజమాని లేదా గుత్తేదారు ఇచ్చిన ఆకు, తంబాకులతో ఇంటివద్ద బీడీలు చుట్టే వ్యక్తిని సైతం కార్మికుల నిర్వచనంలో చేర్చింది. తమకూ ఇంటివారికీ యజమాని, కార్మిక సంబంధం లేదని బీడీ యాజమాన్యాలు వాదించగా, 1974లో సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని కొన్ని మార్పులతో ఈ గృహకార్మికులకు వర్తింపజేసినది కూడా ఆ చట్టమే. 1976లో బీడీ కార్మికుల సంక్షేమనిధి ఏర్పడింది. భవిష్యనిధి వచ్చింది. కష్టాలన్నీ తీరిపోయినవని కాదు. బీడీ పొగాకు చుట్టేవారి ఆరోగ్యానికి చేసే చెరుపు అందరికీ తెలిసినదే. ఐనా, నాలుగు గోడలమధ్య ఒంటరిగా పనిచేసే తల్లి కూడా కార్మికురాలే అని చట్టం ఒప్పుకున్నది.

అదే తల్లి కుటుంబంతోపాటు సూరత్‌కు తరలివచ్చిందనుకుందాం. ఇక్కడ బీడీ ఆకు లేదు, చీర ఉన్నది. పని స్వభావం మారలేదు. సరుకు మరొకరిది, శ్రమ ఆమెది, రేటు నిర్ణయించేవారు వేరొకరు. అయితే చీరలపని చేసే గృహకార్మికుల కొరకు బీడీ చట్టంవంటి ప్రత్యేక శాసనం లేదు. మూట తెచ్చి ఇచ్చే మధ్యవర్తికి వెనుక మరొక మధ్యవర్తి, అతని వెనుక వ్యాపారి. అసలు యజమాని ఎవరో ఆమెకు తెలియదు. గుర్తింపుకార్డు, భవిష్యనిధి, ప్రసూతి సహాయం అనే మూడూ సిరిసిల్లలోనే దిగిపోయినట్లయింది.

సరిపోల్చడానికి పురుషుడేడి?

సమానమైన పనికి సమాన వేతనం అన్న సూత్రం మన రాజ్యాంగంలోని 39వ అధికరణంలో ఆదేశికసూత్రంగా చోటుచేసుకున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో ఆమోదించిన సమానవేతన ఒడంబడికను భారతదేశం 1958లో ధ్రువీకరించింది. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో ఆర్డినెన్సు, 1976లో సమానవేతన చట్టం వచ్చాయి. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2019 నాటి వేతనాల నియమావళిలో ఈ చట్టం లీనమైనది. ఒకే పనికిగాని, ఒకే స్వభావంగల పనికిగాని లింగభేదం కారణంగా వేతనంలో తేడా చూపరాదని ఆ నియమావళి చెబుతున్నది.

ఈ సూత్రం న్యాయస్థానాలలో ఎలా నిలిచినదో చూడడానికి డుమస్ దారిలోనే ఒక సందర్భం దొరుకుతుంది. మగ్దల్లావద్ద సూరత్ విమానాశ్రయం ఉన్నది. విమానాలలో పనిచేసే స్త్రీల ఉద్యోగ నిబంధనలపై సుప్రీంకోర్టు 1981లో ఒక ప్రసిద్ధమైన తీర్పు ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయినంతనే ఉద్యోగంనుండి వైదొలగాలన్న నిబంధనను న్యాయస్థానం కొట్టివేసింది. ఇది మాతృత్వానికి లభించిన గౌరవం. కాని అదే తీర్పులో, పురుష సిబ్బందితో సమానమైన సేవానిబంధనలు తమకు వర్తింపజేయాలన్న ఆ స్త్రీల కోరిక నెరవేరలేదు. ఎయిర్‌హోస్టెస్‌లది వేరొక శ్రేణి, పురుషులది వేరొక శ్రేణి, కనుక పోలిక కుదరదు అన్నది కోర్టు చెప్పిన కారణం. ఆరు సంవత్సరాల తరువాత, 1987లో, ఒక నౌకావ్యాపార సంస్థలోని మహిళా స్టెనోగ్రాఫర్ వ్యవహారంలో అదే న్యాయస్థానం భిన్నమైన వైఖరి అవలంబించింది. ఆ పదవిలో స్త్రీలను మాత్రమే నియమించి, దానికి వేరే పేరు పెట్టినంతమాత్రాన పురుష స్టెనోగ్రాఫర్లకన్న తక్కువ జీతం ఇవ్వడం చెల్లదని, చేసే పని స్వభావాన్నే చూడాలని నిర్ణయించింది.

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే వేతనవ్యత్యాసపు మూలం కొంత స్పష్టమవుతుంది. ఒకే బల్లవద్ద కూర్చున్న ఇద్దరికి రెండు రకాల జీతాలు ఇచ్చే యజమానిని పట్టుకోవడం చట్టానికి కష్టం కాదు. స్త్రీల పనిని వేరుచేసి, దానికి వేరే పేరుపెట్టి, వేరే చోట కూర్చోబెట్టినప్పుడే చిక్కు వచ్చిపడుతున్నది. ఇంట్లో రాళ్ళు అంటించే తల్లి ప్రక్కన అదే పని చేసే పురుషుడు కూర్చొని లేడు. ఆమె వేతనాన్ని ఎవరి వేతనంతో సరిపోల్చాలి? సమానవేతన సూత్రం ఆమె గుమ్మంవద్దకు వచ్చి ఆగిపోతుంది. పీస్ రేటు పనికి సైతం కనీస వేతనం వర్తిస్తుందన్న నియమం ఆమెకు ఎక్కువగా ఉపకరించగలదు. ఐతే దానికి ఒక చీరకు పట్టే సమయాన్ని ఎవరైనా కొలిచి, ఆ ప్రకారం రేటు నిర్ణయించవలసి ఉంటుంది.

ప్రసూతి భారం ఎవరిపై?

మాతృత్వానికి చట్టరక్షణ మన దేశంలో పాతదే. బొంబాయి ప్రెసిడెన్సీలో 1929లోనే ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 1961 నాటి కేంద్రచట్టం 12 వారాల వేతనంతో కూడిన సెలవు ఇవ్వగా, 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు దానిని 26 వారాలకు పెంచింది. యాభైమందికి తగ్గకుండా పనిచేసే సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చునని కూడా నిర్దేశించింది. ఇవి 2020 నాటి సాంఘిక భద్రతా నియమావళిలో కొనసాగుతున్నాయి.

ఉద్దేశం ఉత్తమమైనదే. అయినా ఒక లోపాన్ని దాచిపెట్టడం సబబు కాదు. ఉద్యోగుల రాజ్యబీమా పరిధిలో ఉన్న స్త్రీకి ప్రసూతి సొమ్ము ఉమ్మడి నిధినుండి వస్తుంది. ఆ పరిధికి వెలుపల ఉన్న స్త్రీకి 26 వారాల వేతనాన్ని యజమాని స్వయంగా భరించాలి. చిన్న యజమాని ఈ ఖర్చును ముందే ఊహించి, పెళ్ళీడు యువతిని పనిలోనికి తీసుకోవడానికి వెనుకాడితే ఆశ్చర్యపడనవసరం లేదు. యాభై అన్న సంఖ్య కూడా అటువంటిదే. సూరత్‌లోవలె మరమగ్గాలు చిన్న చిన్న షెడ్లుగా విడిపోయి ఉన్నచోట ఆ సంఖ్యను చేరే సంస్థలెన్ని? మాతృత్వం సమాజానికంతకూ మేలుచేసే విషయమైనప్పుడు, దాని వ్యయం కూడా ఉమ్మడి నిధినుండి రావడమే న్యాయం. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు లభించే 5,000 రూపాయలు ఆ దిశలో ఒక అడుగు. కాని అర్ధసంవత్సరపు కూలికి అది సాటిరాదు.

బయలుదేరిన చోటికి

డుమస్ రహదారి మొదట్లో, అఠ్వా లైన్స్‌లో, ఎం.టి.బి. కళాశాల ఉన్నది. ఇళా భట్ బాల్యం సూరత్‌లోనే గడిచింది. 1952లో ఆమె ఈ కళాశాలనుండి పట్టభద్రురాలై, తరువాత అహ్మదాబాదులో న్యాయశాస్త్రం చదివి, 1955లో అక్కడి టెక్స్‌టైల్ లేబర్ అసోసియేషన్‌లో చేరారు. తలపై బట్టల మూటలు మోసే స్త్రీలు, పాతగుడ్డలతో బొంతలు కుట్టేవారు, బండ్లు లాగేవారు అప్పటి కార్మికసంఘాల లెక్కలో లేరు. వారికొరకు 1972లో ఆమె ‘సేవా’ సంస్థను కార్మికసంఘంగా నమోదు చేయించబోగా, యజమాని లేని కార్మికులు ఎవరితో పోరాడుతారన్న అభ్యంతరం ఎదురయింది. ఎవరితోనో తలపడడానికే కాదు, తమలో తాము ఏకం కావడానికి కూడా సంఘం అవసరమేనన్న వాదంతో ఆమె రిజిస్ట్రేషన్ సాధించారు. 1974లో ఆ స్త్రీలకే చెందిన సహకార బ్యాంకు వెలిసింది. 1986లో శిశుసంరక్షణకై సంగిని అనే సహకార సంఘం ఏర్పడింది. బిడ్డను నమ్మకంగా వదలిపెట్టే చోటు లేకుండా తల్లి సంపాదన పెరగదన్న అనుభవమే దానికి ప్రేరణ. ఆ కేంద్రాలు తల్లుల పనివేళలను అనుసరించి నడుస్తాయి. ఇళా భట్ అధ్యక్షతన నియమితమైన జాతీయ సంఘం 1988లో ‘శ్రమశక్తి’ పేరుతో నివేదిక సమర్పించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహకార్మికుల ఒడంబడికను ఆమోదించడం వెనుక సేవా వంటి సంఘాల కృషి ఉన్నది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. 2022 నవంబరులో ఆమె కన్నుమూశారు.

ఆ తరువాతి మార్పులను కూడా చెప్పుకోవాలి. 2020 నాటి సాంఘిక భద్రతా నియమావళి గృహకార్మికులను పేరుపెట్టి నిర్వచించింది. 2021లో ప్రారంభమైన ఇ-శ్రమ్ నమోదు ద్వారా అసంఘటిత కార్మికురాలికి ఒక సంఖ్య, ఒక కార్డు లభిస్తున్నాయి. దేశంలో పదిహేనేళ్ళు పైబడిన స్త్రీలలో శ్రామికబలంలో ఉన్నవారి శాతం 2017-18లో 23.3 ఉండగా 2023-24 నాటికి 41.7కు చేరింది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం స్వయం ఉపాధి, కుటుంబపు పనులలోనే కనిపిస్తున్నందున, వీరిలో ఎందరి చేతికి తమదంటూ కూలి అందుతున్నదో విడిగా పరిశీలించవలసి ఉన్నది.

డుమస్‌కు సమీపాన ఖజోద్‌లో 2023 డిసెంబరు 17న ప్రారంభమైన వజ్రాల బోర్సు నాలుగువేలకు పైగా కార్యాలయాలతో ప్రపంచంలోని అతిపెద్ద కార్యాలయ భవనాలలో ఒకటిగా పేరుపొందింది. అందులో చదువుకున్న యువతులకు ఉద్యోగావకాశాలు ఉండవచ్చు. సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు ఆడపిల్లలు కూడా నేడు కళాశాలలకు వెళుతున్నారు. వారిలో ఒకతె అటువంటి కార్యాలయంలో చేరి, తల్లి అయిన తరువాత కూడా ఆ ఉద్యోగంలో నిలవగలదా అన్నది చాలావరకు ఆమె బిడ్డను పగటివేళ ఎవరు చూస్తారన్న దానిపైననే ఆధారపడి ఉంటుంది. ఇప్పటికి ఆ పని అమ్మమ్మదే అవుతున్నది. ఆ అమ్మమ్మ మనుమరాలిని ఒడిలో పెట్టుకొని, చేతి కందేంత దూరంలో చీరల మూట ఉంచుకొని కూర్చుంటుంది.